మంచమంత జాగా

మే 24, 1964, ఆదివారం

ఇంటి మీది గూన పెంకులన్నీ ఈరోజు దించారు. పొయ్యి ముందు కూర్చుని తలెత్తితే వాసాల సందుల్లోంచి ఆకాశం కనిపించింది. పరాయి వాళ్ళింట్లో వండుతున్నట్టు అనిపించింది. పెంకులతో పాటు ఎన్నేళ్ళదో మసి, ఎలుకల గూళ్ళు, రెండు తేళ్ళు కింద పడ్డాయి. తేళ్ళను అత్తే చంపింది, చెప్పు తీసి. నేను గడప అవతలే నిలబడ్డాను.

వడ్ల రాజయ్య వాసాలు తట్టి చూసి, "వారం పది దినాల పని చెల్లె. మిరుగం నాటికి కప్పి ఇస్త," అన్నాడు. రాజయ్య వారం అంటే ఎంతో మా సాలెవాడలో అందరికీ తెలుసు. అయినా నమ్మక ఏం చేస్తాం, ఖానాపూర్‌లో ఆయన అంత పనిమంతుడైన వడ్రంగి ఇంకొకడు లేడు.

పోయిన వానకాలం మగ్గం గుంతలోకి నీళ్ళు దిగి పడుగు సగం కుళ్ళింది. అత్త మంచం మీద కూడా ధార కట్టేది. మంచం ఇటు జరిపి అటు జరిపి, చివరికి గొడుగు పట్టుకుని కూర్చునేది. మా ఆయన ఏటేటా "వచ్చే ఏడు" అంటూ నెట్టుకొచ్చాడు. ఈసారి అత్త పట్టుబట్టింది. "గీ మూలకే పెండ్లిపిల్లనై కూసున్న. గీ మూలకే పోత. గని తడుసుకుంట పోను కొడుకా," అంది. ఆయన నవ్వి, "నువ్విప్పుడే యాడికి పోతవే అవ్వా," అన్నాడు. అత్తకు కోపమొచ్చింది. తన చావు సంగతి ఎవరైనా తేలిక చేస్తే ఆమెకు గిట్టదు.

మే 27

నెహ్రూ పోయాడట. పోస్టాఫీసు దగ్గర రేడియోలో విన్నారు. బజారు మూశారు, కట్టెల కోత మిషన్ మూశారు. రాజయ్య రాలేదు.

అత్త చాలాసేపు ఏడ్చింది. తర్వాత కొంగుతో ముక్కు తుడుచుకుని, "గాయిన పోతె పోయిండు, గీ వడ్లాయనకేమాయె రాకుంట?" అంది. నాకు నవ్వాగలేదు. ఆ రోజు నవ్వింది నేనొక్కదాన్నేనేమో దేశంలో.

మే 29

రాజయ్య రాలేదు. మేనమామ కొడుకు పెళ్ళి.

జూన్ 1

వచ్చాడు. వచ్చి ఉండకపోతేనే బాగుండేది. బాడిశ తిరగేసి దూలాన్ని కొడితే లోపల బోలుగా మోగింది. పై చెక్క లేపి చూపించాడు, అంతా చెదలు. మామ చేతి మీద ఎత్తిన దూలం అది. అత్త దగ్గరికెళ్ళి పిడికెడు పొడి తీసుకుని చూసి, "ఇన్నేండ్లు దీని కిందనే పన్నమా!" అంది.

కొత్త దూలం కావాలి. టేకు కొట్టాలంటే అడవి కాసే జంగ్లాతోళ్ళ పర్మిట్ ఉండాలి, అది మన తరం కాదు. నల్లమద్ది అయితే కడెం వైపు దొరుకుతుందని రాజయ్య అన్నాడు. బండి కావాలి. బండ్లన్నీ పొలాలకు పెంట తోలుతున్నాయి.

మా ఆయన పాత పెంకుల్లో బాగున్నవి ఏరి మగ్గం వైపు వాసాల మీద వరుసగా పెట్టాడు, పడుగు తడవకుండా. అత్త మూలకు సరిపోలేదు. అక్కడ తడక వేశాం.

జూన్ 8

మిరుగం కార్తె వచ్చింది, వానతోనే వచ్చింది. ఊరంతా సంబరం. కుమ్మరి మల్లన్న ఇంటి ముందు మా కోసం ఆరబెట్టిన పచ్చి గూనలన్నీ ముద్దయ్యాయి. కాల్చే ఆము పేర్చడానికి ఇంకొక్క ఎండ కావలసి ఉండెనట. "మల్ల మొదటికెల్లి చెయ్యాలె. ఎండలుంటె తొందరనే అయితది, లేకుంటె దేవునికెర్క," అన్నాడు. పాపం, ఆయన మొహం చూసి నేను ఏమీ అనలేకపోయాను. ఇంటికొచ్చి మా ఆయనను అన్నాను.

జూన్ 11

రాజయ్య రాలేదు.

జూన్ 13

దూలం వచ్చింది! నల్లమద్ది, నిండుగా, బరువుగా. నలుగురు దించారు. అత్త పసుపు రాసింది. ఇక రేపే ఎత్తుతారు అనుకుంటే రాజయ్య చేతులు దులుపుకుని, "మూఢం వడ్డది. శుక్రుడు మల్ల కనవడ్డంక ఎత్తుదం," అన్నాడు.

మా ఆయన మండిపడ్డాడు. "పాతింటికి మూఢమేందే? మేమేమన్న కొత్త ఇల్లు కడుతున్నమా?"

"ఇల్లు పాతదే తమ్మీ, దూలం కొత్తది గద. మూఢంల ఎత్తిన దూలం కింద ఏమన్నయితె నా పేరు చెప్తరు. నేనెత్త."

అత్త కూడా రాజయ్య వైపే. "ఇన్ని దినాలు ఆగినం, జర ఆగుదం," అంది. నాకు వినపడేట్టు, "నేనింక ఉరుకుతలేను తియ్," అని కూడా అంది.

జూన్ 17

నిన్న పెద్ద వాన. తడక చిరిగింది. అత్త రాట్నం ముందు కూర్చుని కండెలు చుడుతోంది, లేచి రమ్మంటే "గీ కండె అయిపోనీ," అంది. నేను పొయ్యి దగ్గర పొడి కట్టెలు దాస్తున్నాను. రాట్నం ఆగింది. చూస్తే ఒక పక్కకు ఒరిగి ఉంది, ఒళ్ళంతా తడిసి, నోరు వంకర పోయి. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి.

డాక్టరు చూసి, నిర్మల్ తీసుకెళ్ళినా చేసేదేమీ లేదు, వెచ్చగా పొడిగా ఉంచండి అన్నాడు. వెచ్చగా, పొడిగా! తలెత్తి ఒకసారి కప్పు వైపు చూసి ఆయనే చల్లగా సంచి సర్దుకున్నాడు.

పెళ్ళయి ఇన్నేళ్ళయినా కడుపు పండలేదని ఈ ఊళ్ళో నన్ను అనని ఆడది లేదు, మా అమ్మతో సహా. అత్త ఒక్కతే అనలేదు. ఆమె పోతే నేను ఎవరితో పోట్లాడతాను?

జూన్ 20

మాట వస్తోంది. ముద్దముద్దగా ఉన్నా నాకు తెలుస్తోంది. మొదట అడిగింది, "దూలమెత్తిన్రా?"

జూన్ 23

గూనలు కాలాయి. మల్లన్న మాట నిలబెట్టుకున్నాడు. రెండు బండ్లు.

జూన్ 26

మూఢం పోయింది. పంతులు వచ్చి ఎల్లుండి పొద్దున దూలానికి ముహూర్తం పెట్టాడు. లేచి వెళ్తూ అత్త మూల వైపు చూశాడు. మా ఆయనను వాకిట్లోకి పిలిచి మెల్లగా ఏదో చెప్పాడు.

ఎల్లుండి నుంచే ధనిష్ఠా పంచకం. ఆ ఐదు రోజుల్లో ఇంట్లో ప్రాణం పోతే ఆరు నెలలు ఇల్లు విడిచిపెట్టాలి. తలుపుకు ముళ్ళకంప కొట్టాలి, దీపం కూడా పెట్టకూడదు. ఆరుబయట పోతే ఇంటికి దోషం లేదు.

ఆయన వచ్చి ఇది చెప్పి మగ్గం గుంతలో కాళ్ళు పెట్టుకుని కూర్చున్నాడు. మేమిద్దరం మా వాడ కైలాసం గురించే ఆలోచిస్తున్నామని ఇద్దరికీ తెలుసు. మూడేళ్ళ కింద వాళ్ళ బాపు ఆ ఐదింట్లో ఒకటైన శతభిషంలో పోయాడు. ఇల్లు మూశారు. ఇల్లు విడిచినవాళ్ళను ఎవరూ రానివ్వలేదు, ఏరు ఒడ్డున గుడిసె వేసుకున్నారు. తలుపు తీసేసరికి మగ్గం గుంత నిండా నీళ్ళు, మగ్గం కట్టెల నిండా చెదలు. పెట్టెలో పెట్టి ఎత్తుకుపోయేది కాదు కదా మగ్గం, నేలలో ఉంటుంది. కైలాసం భీవండి మిల్లుకు పోయాడు. ఆయన భార్య ఇప్పుడు బీడీలు చుడుతుంది, ఆయన ఉత్తరం రాస్తే నాతో చదివించుకుంటుంది. ఏడాదయింది ఉత్తరం వచ్చి.

జూన్ 28

దూలం ఎత్తేటప్పుడు మీద ఏమైనా పడుతుందని అత్తను బయటికి తెచ్చాం. వాకిట్లో నాలుగు కర్రలు పాతి, తడకలు కట్టి, పైన గడ్డి పరిచి పందిరి వేశాడు మా ఆయన. దాని కింద మంచం సరిగ్గా పట్టింది. పని అయ్యేదాకే. నిజంగానే పైనుంచి ముక్కలు పడతాయి, మొన్న ఒక వాసం పడింది.

దూలం ఎక్కింది. అత్త మంచంలోంచే ఎడమ చేయి ఎత్తి దండం పెట్టింది. ఎన్నాళ్ళకో ఆమె మొహంలో నవ్వు చూశాను, సగం మొహంలోనే అయినా.

జూన్ 30

వాసాలు, బొంగులు అయిపోయాయి. గూన ఎక్కుతోంది. రాజయ్య ఇద్దరు కూలీలను పెట్టుకున్నాడు. వీళ్ళకు ఇంత వేగం వచ్చునని ఇన్నాళ్ళూ తెలియనే లేదు.

జూలై 1

పెంకులు తక్కువ పడ్డాయి. అత్త మూల మీద మంచమంత జాగా మిగిలింది. అది కప్పేదాకా ఆమె బయట ఉండడమే మంచిది.

జూలై 2

వాన. పందిరి కారింది. ఆమె కాళ్ళ మీద గోనె కప్పాను. "ఇంకెంతసేపే కప్పు?" అంది. పెంకులు తక్కువ పడ్డాయి అత్తా, మల్లన్న చేస్తున్నాడు అన్నాను.

"మల్లని ఆము రెండు బండ్లు వెట్టె గద?"

పగిలినయ్ అన్నాను.

జూలై 3

నా రాతలో నేనే అబద్ధం రాసుకోవడం ఏమిటి? దీన్ని ఎవరు చదువుతారని?

పెంకులు తక్కువ పడలేదు. వెనక గోడకు పేర్చి ఉన్నాయి. రాజయ్య ఆఖరి జాగాకు చేయి చాచినప్పుడు మా ఆయన కింద నుంచి, "అది ఉండనీ అన్నా," అన్నాడు. రాజయ్యకు అర్థం కాలేదు. తర్వాత వాకిట్లో పందిరి వైపు చూశాడు, అర్థమయింది. నిచ్చెన దిగాడు. కప్పు పూర్తయిందంటే అత్తను లోపలికి తేవాలి. పూర్తి కాకపోతే తేనక్కరలేదు. అమ్మకు అబద్ధం చెప్పే ధైర్యం లేక మా ఆయన కప్పుతోనే చెప్పించాడు.

నేను అక్కడే ఉన్నాను, పెంకులు అందిస్తూ. చేతిలో ఉన్న పెంకును కింద పెట్టాను.

ఈ పొద్దుటితో పంచకం అయిపోయింది. రేపు లోపలికి తెస్తాం. అయిదు రోజుల ముచ్చటే కదా. ఏమీ కాలేదు, బాగానే ఉంది.

జూలై 4

తేలేదు.

ఆయన పంతులు దగ్గర పంచాంగం అడిగి తెచ్చి నా ముందు పెట్టాడు. ఆయనకు అక్షరం రాదు. "అన్నీ చదువు," అన్నాడు. చదివాను. కృత్తిక మూడు నెలలు. రోహిణి నాలుగు నెలలు. మృగశిర రెండు. పునర్వసు రెండు. ఉత్తర, చిత్త, విశాఖ, ఉత్తరాషాఢ. సగానికి సగం నక్షత్రాలు ఇల్లు విడిపించేవే. మధ్యలో ఒకటో రెండో మంచివి, మళ్ళీ చెడ్డవి.

"రేపే కృత్తిక గదా," అన్నాడు. "ఇయ్యాల లోపటికి తెచ్చి రేపు మల్ల బయటికి తెస్తే ఆమెకు ఎరుకైతది. అట్ల బాధ వెట్టుడెందుకు?"

మనిషి మాట వింటే ఎంత దయ ఉన్నట్టుంది! నేనూ తలూపాను.

వాడలో ఒక్కరూ మమ్మల్ని ఏమీ అనలేదు. పైగా పక్కింటి కొమురవ్వ వాళ్ళింటి నుంచి పాత గొంగడి పంపింది పందిరి మీద వేయమని. అందరూ కైలాసం ఇల్లు చూసినవాళ్ళే.

జూలై 6

మా ఆయన మగ్గం ఎక్కాడు. నేత సంఘానికి చీరలు ఇయ్యకపోతే నూలు ఇవ్వరు. ఎంత మెల్లగా నేసినా మగ్గం పలక చప్పుడు దాగుతుందా?

అన్నం పెడుతుంటే అత్త, "కప్పు లేనింట్ల మగ్గమెట్ల నడుస్తున్నదే?" అంది.

"మగ్గం దిక్కు కప్పిండ్రు అత్తా. నీ దిక్కే కాలే."

"నా దిక్కే," అంది. ఇంకా రెండు ముద్దలు తింది. ఆ తర్వాత నోరు తెరవలేదు.

జూలై 7

రాజయ్య ఎందుకో ఈ దారిన పోతూ కనిపించాడు. అత్త పిలిచింది. తప్పించుకోలేక వచ్చాడు.

"ఏం రాజన్నా, గింత పనిదొంగవెప్పుడైనవు? మంచమంత జాగా కప్పనీకి నెల వడ్తదా?"

రాజయ్య నా వైపు చూశాడు. నేను నేల వైపు చూశాను. "కూలోళ్ళు దొరుకుతలేరు పెద్దవ్వా. నాట్లు గద," అన్నాడు.

"రేపొస్తవా?"

"వస్త."

పందిరి బయటికి వచ్చాక నాతో, "ముప్పై ఏండ్లసంది కప్పులు గప్పుతున్న. ఒక్కలతోని గిట్లనిపిచ్చుకోలే," అన్నాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. నాకు కోపమే వచ్చింది. ఆయన అనిపించుకున్నది ఒక్క మాట. నేను రోజూ ఆమె ముఖం చూస్తూ బతుకుతున్నాను.

జూలై 8

వీపు మీద పుండు పడింది. తడి. ఎండబెట్టిన పాత చీరలన్నీ అయిపోయాయి. మగ్గం మీద కొత్త చీర ఆరు గజాలు పొడిగా, వెచ్చగా చుట్టి ఉంది.

ఆయనతో గట్టిగానే అన్నాను. "ఈ సాయంత్రం లోపటికి తెద్దాం. పోతే పోయింది ఇల్లు." ఆయన, "భీవండికి నేను పోత గద, నీకేమాయె," అన్నాడు. కైలాసం భార్య కళ్ళ ముందు కనపడింది. ఎంతసేపూ ఆయనను తిట్టుకుంటున్నాను గానీ, భయం నాకూ అంతే ఉంది.

జూలై 9, అమావాస్య

మధ్యాహ్నం బాయి నుంచి నీళ్ళు తెచ్చేసరికి పందిరిలో మంచం ఖాళీ. బురదలో ఈడ్చుకుపోయిన చార ఉంది, గడప దాకా.

లోపల తన మూలలో, నేల మీద ఉంది. ఒక్క చేత్తో, ఒక్క కాలితో ఎట్లా వచ్చిందో. మోచేయి చీరుకుపోయింది. పైన మంచమంత జాగా నుంచి తుంపర ఆమె మొహం మీద పడుతోంది. కళ్ళు ఆర్పకుండా పైకి చూస్తోంది. మా ఆయన మగ్గం గుంతలోనే నిలబడిపోయి ఉన్నాడు, చేతిలో నూలు నాడె ఉండగానే.

"పెంకలు గోడకున్నయి గదరా," అంది. వెనక తలుపు తీసే ఉంది, పేర్చిన పెంకులు కనిపిస్తున్నాయి. "కొత్తయే గద. నేను లెక్కకు రానా?"

ఆయన వచ్చి పక్కన కూర్చున్నాడు. ఆమె ఎడమ చేత్తో అంగీ పట్టుకుంది. గుంజుకోలేదు, ఏడవలేదు. "ఇయ్యాల ఏం నచ్చత్రం కొడుకా?" అంది.

అన్నీ తెలుసు ఆమెకు. ఎప్పటి నుంచో మరి. బహుశా దూలం ఎత్తిన రోజు నుంచే.

ఆయన నా వైపు చూశాడు. పంచాంగం చదివేదాన్ని నేనే. దోషం లేని పుష్యమి అంటే అయిపోయేది. రేపటి నక్షత్రం ఈరోజే చెప్తే ఎవరు పట్టుకుంటారు? ఆయనకు చదువు రాదు, ఆమెకు రాదు. పెంకులు తక్కువన్నాను, పగిలినయన్నాను, మల్లన్న చేస్తున్నాడన్నాను. ఇన్ని చెప్పిన నోటికి ఆ ఒక్కటి రాలేదు.

"పునర్వసు," అన్నాను.

"ఎన్ని నెల్లు?"

"రెండు."

"రెండు నెల్లకేనా," అంది.

అంగీ వదిలేసింది. "సరె. పట్టుండ్రి మల్ల."

ఆయన భుజాలు పట్టాడు. నేను కాళ్ళు పట్టాను. గడప దాటేటప్పుడు కాలు తగలకుండా తనే ఎడమ కాలు ముడుచుకుంది.

జూలై 10

అన్నం ముట్టలేదు.

జూలై 11

ముట్టలేదు. పిలిస్తే పలకడం లేదు. నేనొచ్చానని తెలిసి మొహం తిప్పుకోనూ లేదు. తిప్పుకున్నా బాగుండేది.

జూలై 12, ఆదివారం

పోయింది. పొద్దు ఎక్కాక, వానలో. నోట్లో తులసి నీళ్ళు పోసింది నేనే.

ఏడుపులన్నీ కొంచెం తగ్గాక మా ఆయన నా దగ్గరికి వచ్చి, "ఇయ్యాలేందో చూడు," అన్నాడు. చూశాను. మఖ. మఖకు ఏ దోషం లేదు. నెలలు లేవు, రోజులు లేవు, శాంతి కూడా అక్కరలేదు. చెప్పాను.

"సరిగ చూసినవా?"

"సరిగనే చూసిన."

అంటే లోపల పోయినా ఇల్లు ఉండేది. ఆయన పందిరి గుంజను పట్టుకుని మెల్లగా కిందికి జారి కూర్చున్నాడు. శవాన్ని లేపేదాకా లేవలేదు.

జూలై 14

మూడొద్దులు. అత్త పేరున పిట్టకు పిండం పెట్టి వచ్చాం. ఇంకా చీర తడి ఆరలేదు, రాజయ్య నిచ్చెన భుజాన వేసుకుని వచ్చాడు. ఎవరూ పిలవలేదు. మైల ఇల్లు, ఇప్పుడొద్దన్నా అని మా ఆయన అంటే, "జరుగు," అన్నాడు అంతే.

నేను పెంకులు అందించాను. ఆయన నోట్లో చుట్ట వెలిగించుకుని ఎక్కాడు. మంచమంత జాగా కప్పి దిగేసరికి ఆ చుట్ట ఇంకా సగం మిగిలే ఉంది. మిగతా సగం వాకిట్లో నిలబడి కాల్చి, నిచ్చెన ఎత్తుకుని పోయాడు.

సాయంత్రం వాన కొట్టింది. ఇంట్లో ఎక్కడా ఒక్క చుక్క పడలేదు. మా ఆయన మగ్గం పక్క నుంచి లేచి వెళ్ళి ఆ మూలను అరచేత్తో తడిమి చూశాడు. పొడిగా ఉందన్నాడు. నేను గడప దాటి లోపలికి పోలేక, వాన తగ్గేదాకా పందిరి కింద కూర్చున్నాను.